కృత్తికలో ప్రశ్న, మృగశిరకు జవాబు: జిల్లా వైద్య నిర్ణయాల కోసం ఆధారాల సమీక్షను మూడు వారాల్లో ముగించడం ఎలా

వానాకాలం నాట్లు మొదలయ్యాయంటే ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు పాముకాట్లు పెరుగుతాయి. మే నెల మధ్యలో జిల్లా వైద్యాధికారి నుంచి ఇలాంటి ప్రశ్న వచ్చిందనుకుందాం: "పీహెచ్‌సీలో ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కించే ముందు కొద్దిగా అడ్రినలిన్ ఇస్తే రియాక్షన్లు తగ్గుతయా? తగ్గేటట్లుంటే ఈ సీజన్ నుంచే మన డాక్టర్లకు చెప్దాం."

ప్రశ్న మందు గురించే అయినా దాని వెనకున్నది భయం. రియాక్షన్ వస్తే ఒక్కడినే ఎట్లా సంభాళించాలని కొత్తగా చేరిన డాక్టరు మొదటి డోసు కూడా వేయకుండా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి రాసి పంపేస్తాడు. ఏటూరునాగారం నుంచి ఎంజీఎం సుమారు వంద కిలోమీటర్లు. గోదావరి అవతలి వాజేడు, వెంకటాపురం నుంచైతే ఇంకా దూరం. విషం అంతసేపు ఆగదు.

ఈ ప్రశ్నకు పూర్తి స్థాయి సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నిటినీ పద్ధతిగా వెతికి తూచే సమీక్ష) చేద్దామంటే కాలం చాలదు. సమీక్షలను ముందుగానే నమోదు చేసుకునే ప్రాస్పెరో రిజిస్టర్‌లోని సమీక్షలను లెక్కేసి 2017లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, నమోదు నుంచి ప్రచురణ దాకా సగటున 67 వారాలు పడుతోంది. అంటే వచ్చే ఏడాది వానాకాలం కూడా చాలావరకు గడిచిపోతుంది. అలాగని ఒక సాయంత్రం గూగుల్‌లో వెతికి నాలుగు వ్యాసాలు పట్టుకొస్తే అది సమీక్ష కాదు, ముందే ఉన్న అభిప్రాయానికి సాక్ష్యాలు ఏరుకోవడం. ఈ రెంటికీ నడుమ ఉన్నది ర్యాపిడ్ రివ్యూ. దానికీ పద్ధతి ఉంది. వైద్య ఆధారాల సమీక్షలు చేసే కాక్రేన్ సంస్థలోని ర్యాపిడ్ రివ్యూ బృందం మధ్యంతర మార్గదర్శకాలు 2021లో అచ్చయ్యాయి, 2024లో వాటిని సవరించారు.

వ్యాసాలు చదవడంలో పోయే సమయం తక్కువేనని నా అభిప్రాయం. ప్రశ్న తేలక, ఫుల్ టెక్స్టులు (పూర్తి వ్యాసాలు) దొరకక, "ఇది చేర్చాలా వద్దా" అని ఎవరూ తేల్చి చెప్పక వారాలు కరిగిపోతాయి. కత్తెర అక్కడ వేయాలి. మొదటి నుంచి చివరి దాకా పై పాముకాటు ప్రశ్ననే ఉదాహరణగా తీసుకుంటాను. పద్ధతి మాత్రం డెంగీకైనా, గర్భిణుల రక్తహీనతకైనా, మేడారం జాతరలో విరేచనాల కట్టడికైనా ఇదే.

ముందు మనుషులు

ముగ్గురు చాలు. సమీక్ష పద్ధతులు తెలిసినవారు ఒకరు (కాకతీయ మెడికల్ కాలేజీ లాంటి చోట కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో దొరుకుతారు), పాముకాటు రోగులను రోజూ చూసే జనరల్ మెడిసిన్ వైద్యులు ఒకరు, ఓపికగా వడపోసే పీజీ ఒకరు. లైబ్రేరియన్ తోడైతే అదృష్టం. ఈ మధ్య ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలోనూ సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి కాబట్టి ముగ్గురూ ఒకే ఊళ్లో ఉండాల్సిన పని లేదు. ఈ మూడు వారాలు వాళ్లకు వేరే పని నుంచి కొంతైనా మినహాయింపు ఇప్పించండి. డ్యూటీ ముగించుకుని రాత్రి పదింటికి చేసే వడపోత ఎంత నమ్మదగ్గదో మీకే తెలుసు.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలోకి దించండి (రెండు రోజులు)

ప్రశ్న అడిగిన అధికారితో అరగంట కూర్చోండి. వాట్సాప్‌లో కుదరదు, ఎదురుగానో ఫోన్‌లోనో మాట్లాడాలి. అడగాల్సింది ఇదొక్కటే: "సార్, జవాబు అవునని వస్తే మీరేం మారుస్తరు? కాదని వస్తే ఏం మారుస్తరు?" రెండింటికీ ఒకే జవాబు చెబితే, నిర్ణయం అయిపోయిందని అర్థం. సమీక్ష అక్కర్లేదు, మర్యాదగా టీ తాగి వచ్చేయండి.

తర్వాత ప్రశ్నను నాలుగు ముక్కలు చేయండి: ఎవరికి, ఏం ఇస్తే, దేనితో పోలిస్తే, ఏ ఫలితం. వైద్య విద్యార్థులకు ఇది పికో పేరుతో పరిచయమే. అందరూ తేలిగ్గా వదిలేసేది మూడో ముక్కను. "ఏమీ ఇవ్వకపోవడంతో పోలిక" అని రాసేస్తారు. మన పీహెచ్‌సీలో ఇప్పుడు నిజంగా ఏం జరుగుతోందో కనుక్కోండి. ఏఎస్‌వీకి ముందు ఎవిల్ (అలర్జీ మందు), హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) ఇచ్చే అలవాటు చాలామంది డాక్టర్లకు ఉంది. అలాంటప్పుడు అసలు పోలిక అడ్రినలిన్‌కూ ఆ అలవాటుకూ మధ్య. ఈ ఒక్క దిద్దుబాటు సమీక్ష ఫలితాన్నే మార్చేయగలదు, ఎలాగో కిందకు వెళ్తే తెలుస్తుంది.

ఫలితాలు మూడు నాలుగుకు మించనివ్వకండి. ఇక్కడైతే తీవ్రమైన రియాక్షన్, మరణం, అడ్రినలిన్ వల్ల కలిగే హాని (రక్తం గడ్డకట్టని రోగిలో బీపీ పెరిగి మెదడులో రక్తస్రావం అవుతుందేమోనన్న భయం చాలామందికి ఉంది). దద్దుర్లు, దురద లాంటివి పట్టికలోకి రానక్కర్లేదు.

2. ఎవరైనా ముందే చేశారేమో చూడండి (ఒక రోజు)

మొత్తం ప్రక్రియలో ఎక్కువ సమయం మిగిల్చే మెట్టు ఇదే, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. కాక్రేన్ లైబ్రరీ, ఎపిస్టెమోనికోస్ అనే సమీక్షల డేటాబేసు, వైద్య వ్యాసాల డేటాబేసు పబ్‌మెడ్‌లో సిస్టమాటిక్ రివ్యూల ఫిల్టరు, ఈ మూడూ చూడండి. జరుగుతున్న సమీక్షల కోసం ప్రాస్పెరో చూడండి.

మన ప్రశ్నకు వెతికితే కాక్రేన్‌లో 2000 నాటి సమీక్ష ఒకటి దొరుకుతుంది. అందులో ఉన్నవి రెండే ట్రయల్స్ (రోగుల మీద మందును పోల్చి చూసే ప్రయోగాలు), మొత్తం 206 మంది. ఒకటి శ్రీలంకలో అడ్రినలిన్ మీద 105 మందితో, మరొకటి బ్రెజిల్‌లో ప్రోమెథజిన్ అనే అలర్జీ మందు మీద 101 మందితో చేసినవి. పాతదే అయినా పారేయకండి. పద్ధతి గట్టిగా ఉందో లేదో ఆమ్‌స్టార్ 2 అనే 16 ప్రశ్నల పట్టికతో తూచండి. సరిగానే ఉంటే, అది వెతికిన తేదీ దాకా వాళ్ల పనినే వాడుకుని, ఆ తర్వాత వచ్చిన పరిశోధనల కోసమే మీరు వెతకొచ్చు. తేదీలు అతుక్కునే చోట ఒక ఏడాది వెనక్కి జరిగి మొదలుపెట్టండి, డేటాబేసుల్లోకి ఆలస్యంగా ఎక్కే వ్యాసాలుంటాయి.

ఇటీవలి మంచి సమీక్షే దొరికితే? పని ఇక్కడే ముగిసినట్టు. దాన్ని మన జిల్లాకు అన్వయించి ఒక పేజీ రాసివ్వండి. కొత్తగా మన పేరుతో ఒకటి చేయాలన్న మోజు ప్రమోషన్‌కు పనికొస్తుందేమో గానీ రోగికి పనికిరాదు.

3. రెండు పేజీల ప్రోటోకాల్ (ఒక రోజు)

తొందరలో ఉన్నాం కదా, ఇదెందుకు అనిపిస్తుంది. తొందరలో ఉన్నాం కాబట్టే కావాలి. ఏ రకం పరిశోధనలు తీసుకుంటాం, ఏ భాషలవి, ఏ ఏడాది నుంచి, ఏ డేటాబేసులు, ఎక్కడ ఒక్కరే చూస్తారు, ఎక్కడ ఇద్దరు చూస్తారు అన్నవి ఫలితాలు కంటబడక ముందే రాసి పెట్టుకోవాలి. లేకుంటే నచ్చని ట్రయల్ ఎదురైనప్పుడు నియమాలు మెల్లగా మారిపోతాయి. ప్రాస్పెరో ర్యాపిడ్ రివ్యూలను కూడా నమోదు చేసుకుంటుంది. అక్కడి ప్రక్రియ కోసం ఆగలేకపోతే ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్ అనే సైట్‌లో ఫైల్ పెట్టండి, తేదీ ముద్ర అప్పటికప్పుడే పడుతుంది.

కోసేసిన ప్రతి దాన్నీ ప్రోటోకాల్‌లోనే ఒప్పుకోండి: "ఇంగ్లీషు వ్యాసాలే చూశాం", "ఎంబేస్ డేటాబేసు చూడలేదు", ఇలా. చెప్పి కోస్తే అది పద్ధతి. చెప్పకుండా కోస్తే చదివేవారికి ఎంత నమ్మాలో తెలియదు.

4. వెతుకులాట (రెండు రోజులు)

సెర్చ్ పెట్టెలో మాటలు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. మొదటి గుంపులో పాముకాటు, విషం, విరుగుడు మందు. రెండో గుంపులో అడ్రినలిన్. గుంపు లోపలి మాటలను 'ఆర్'తో, గుంపులను 'యాండ్'తో కలపండి. 'నాట్' జోలికి పోకండి, కావాల్సినవి కూడా ఊడ్చుకుపోతుంది.

పర్యాయపదాల దగ్గర తీరిగ్గా కూర్చోండి. మనం అడ్రినలిన్ అనేదాన్ని అమెరికా వాళ్లు ఎపినెఫ్రిన్ అని రాస్తారు. విరుగుడుకు యాంటీవెనమ్, యాంటీవెనిన్, యాంటీ స్నేక్ వెనమ్ అని రకరకాల పేర్లు. ఒక్క పేరు మర్చిపోతే ఒక ఖండం పరిశోధన మాయమవుతుంది. మామూలు మాటలతో పాటు పబ్‌మెడ్‌లోని మెష్ పదాలనూ (వ్యాసాలకు విషయాన్ని బట్టి అక్కడ తగిలించే స్థిరమైన పేర్లు) చేర్చండి.

సెర్చ్ పనిచేస్తోందో లేదో తేల్చడానికి ముందే తెలిసిన రెండు మూడు వ్యాసాలను సాక్షులుగా పెట్టుకోండి. మనకు 1999 నాటి శ్రీలంక ట్రయల్ ఒకటి, 2011లో ప్లాస్ మెడిసిన్‌లో వచ్చిన 1,007 మంది ట్రయల్ ఒకటి ఉన్నాయి. మీ సెర్చ్‌లో ఈ రెండూ రాలేదంటే అది తెగిన వల. ముందుకు పోకుండా అక్కడే బాగు చేసుకోండి.

డేటాబేసుల సంగతి. ట్రయల్స్ మీద ప్రశ్న అయితే పబ్‌మెడ్, కాక్రేన్ వారి ట్రయల్స్ డేటాబేసు సెంట్రల్, ఈ రెండూ దాదాపు చాలు. ఎంబేస్‌కు చందా కట్టాలి, జిల్లా స్థాయిలో అది ఉండదు. అయితే ఎంబేస్‌లోని ట్రయల్స్ రికార్డులు సెంట్రల్‌లోకీ వస్తాయి కాబట్టి నష్టం తక్కువ. ఇవి కాక, మన దేశంలో నమోదై ఇంకా ప్రచురణ కాని ట్రయల్స్ కోసం సీటీఆర్‌ఐలో (మన దేశపు ట్రయల్స్ రిజిస్టర్) ఒక గంట గడపండి. ఒక డేటాబేసు కోసం రాసిన సెర్చ్‌ను మరో దానికి మార్చడానికి ఆస్ట్రేలియాలోని బాండ్ యూనివర్సిటీ వారి పాలీగ్లాట్ పనిముట్టు ఉచితంగా దొరుకుతుంది. ఆ బృందమే ఇలాంటి పనిముట్లతో ఒక పూర్తి సిస్టమాటిక్ రివ్యూను 12 రోజుల్లో ముగించి 2020లో ప్రచురించింది. అయితే వాళ్లది చిన్న ప్రశ్న, బృందమంతా అనుభవజ్ఞులు. మనం మూడు వారాలు పెట్టుకోవడం మేలు.

చాట్‌బాట్‌ల గురించి ఒక మాట. పర్యాయపదాలు గుర్తుచేయడానికి వాడుకోండి. వ్యాసాలు వెతికిపెట్టమని మాత్రం అడగకండి, లేని వ్యాసాలకు పేర్లు, సంవత్సరాలు, పేజీ నంబర్లు అన్నీ కల్పించి చక్కగా అందిస్తాయి. పబ్‌మెడ్‌లో మీ కంటితో చూడని ఏ రెఫరెన్సూ సమీక్షలోకి రాకూడదు.

5. వడపోత (నాలుగు రోజులు)

అన్నిటినీ జొటెరో అనే రెఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లో పోసి డూప్లికేట్లు తీసేసి, రయ్యాన్ లాంటి వడపోత సైట్‌లోకి ఎక్కించండి. ముగ్గురూ ఒకే 30 నుంచి 50 సారాంశాలను విడివిడిగా చూసి, ఎక్కడ తేడా వచ్చిందో మాట్లాడుకోండి. ఈ రెండు గంటలు తర్వాత రెండు రోజులు మిగులుస్తాయి.

ఆ తర్వాత అన్నీ ఇద్దరూ చూడాలా? చూస్తే మంచిదే. 2020లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, సారాంశాలను ఒక్కరే చూసినప్పుడు కావాల్సిన పరిశోధనల్లో 13 శాతం జారిపోయాయి, ఇద్దరు చూస్తే 3 శాతమే. కాక్రేన్ బృందం 2021లో చెప్పిన నడిమి దారి నాకు నచ్చుతుంది: కనీసం 20 శాతం సారాంశాలను ఇద్దరూ చూడాలి, మిగతావి ఒకరు చూడాలి, ఆ ఒకరు 'వద్దు' అని పక్కన పెట్టినవన్నీ రెండోవారు మళ్లీ చూడాలి. పొరపాటున చేర్చింది ఫుల్ టెక్స్ట్ దశలో ఎలాగూ బయటపడుతుంది. పొరపాటున తీసేసింది ఇక తిరిగి రాదు. అందుకే కాపలా చెత్తబుట్ట దగ్గర పెట్టాలి.

సారాంశాలు వేలల్లో ఉంటే ఉట్రెక్ట్ యూనివర్సిటీలో తయారైన ఏఎస్‌రివ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, మీ ఎంపికలను గమనిస్తూ పనికొచ్చేవాటిని పైకి తెచ్చి చూపిస్తుంది. మన పాముకాటు ప్రశ్న లాంటి వాటికి అది అక్కర్లేదు.

6. ఫుల్ టెక్స్టుల వేట

దీనికి రోజులు కేటాయించకండి, వడపోత మొదటి రోజు నుంచే పక్కన నడిపించండి. 'చేర్చాలి' అనిపించిన వెంటనే పీడీఎఫ్ కోసం ప్రయత్నం మొదలవ్వాలి. పబ్‌మెడ్ సెంట్రల్‌లో చాలా వరకు ఉచితం. ప్రభుత్వ కాలేజీలకు 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మీ కాలేజీ అందులో నమోదైందో లేదో, లాగిన్ ఎవరి దగ్గరుందో సమీక్ష మొదలుపెట్టక ముందే లైబ్రేరియన్‌ను అడగండి. అప్పటికీ దొరకకపోతే రచయితకు మెయిల్ రాయండి, నాలుగు రోజులు చూడండి, రాకపోతే "దొరకలేదు" అని రాసి ముందుకెళ్లండి.

7. లెక్కలు తీయడం, తూకం వేయడం (మూడు రోజులు)

ఒకరు అంకెలు తీయాలి, రెండోవారు ప్రతి అంకెనూ వ్యాసంతో సరిచూడాలి. ఇద్దరూ విడివిడిగా తీయడం కంటే ఇది వేగం. ట్రయల్స్ నాణ్యతకు రాబ్ 2 పట్టికలోని ఐదు అంశాలు చూడండి: ఎవరికి ఏ మందన్నది నిజంగా లాటరీ పద్ధతిలోనే తేల్చారా, అనుకున్న చికిత్సే అందిందా, మధ్యలో తప్పిపోయినవారెంత, ఫలితాన్ని కొలిచినవారికి ఏ మందో ముందే తెలుసా, నచ్చిన ఫలితాలనే రాశారా.

మన ఉదాహరణలో అంకెలు ఆసక్తిగా ఉంటాయి. 1999 ట్రయల్‌లో చర్మం కింద 0.25 మిల్లీలీటర్ల అడ్రినలిన్ ఇచ్చినవారిలో 11 శాతానికి, ఇవ్వనివారిలో 43 శాతానికి రియాక్షన్లు వచ్చాయి. 2011 ట్రయల్‌లో అడ్రినలిన్ వల్ల తీవ్రమైన రియాక్షన్లు 48 గంటల్లో 38 శాతం తగ్గాయి. హైడ్రోకార్టిసోన్, ప్రోమెథజిన్ తగ్గించలేదు. అంతకంటే ముఖ్యం, అడ్రినలిన్‌తో పాటు హైడ్రోకార్టిసోన్ కూడా ఇచ్చినప్పుడు అడ్రినలిన్ మేలు కనిపించకుండా పోయింది. మొదటి మెట్టులో పోలిక సరిగ్గా రాసుకున్నవారికి ఇక్కడ లైటు వెలుగుతుంది: "అడ్రినలిన్ మొదలుపెట్టాలా" అన్న ప్రశ్న పక్కనే "హైడ్రోకార్టిసోన్ అలవాటు ఆపాలా" అన్న ప్రశ్న కూర్చుంది.

రెండు మూడు ట్రయల్సే ఉన్నప్పుడు మెటా అనాలిసిస్ (ట్రయల్స్ అంకెలన్నీ కలిపి ఒకే లెక్క తేల్చడం) కోసం రెండు రోజులు తగలేయకండి. పట్టిక వేసి, మాటల్లో రాయండి.

8. ఇక్కడి లెక్క కలపడం (మూడు రోజులు)

మందు ఎంత శాతం తగ్గిస్తుందన్నది ప్రపంచంలోని ట్రయల్స్ నుంచి తీసుకోవాలి. మన దగ్గర ఎంతమందికి రియాక్షన్ వస్తోందన్నది మాత్రం మన రిజిస్టర్ల నుంచే రావాలి. ఈ రెండింటినీ కలిపేసి, "మా ఎంజీఎంలో ఇరవై మందికి ఇచ్చాం, బాగానే ఉంది" అన్నదాన్ని మందు పనితీరుకు రుజువుగా పెట్టడం జిల్లా నివేదికల్లో తరచూ కనిపించే జబ్బు.

2011 ట్రయల్‌లో నూటికి 75 మందికి ఏదో ఒక స్థాయి రియాక్షన్ వచ్చింది. అది చాలా ఎక్కువ. మన దగ్గర ఏఎస్‌వీ తీసుకున్న వందమందిలో 30 మందికి తీవ్రమైన రియాక్షన్ వస్తోందనుకోండి, మూడో వంతు తగ్గితే పది మందికి తప్పినట్టు. ఆరుగురికే వస్తోందనుకోండి, ఇద్దరికే. మందు అదే, నిర్ణయం వేరు కావచ్చు. ఈ అంకె కోసం పీహెచ్‌సీ రిజిస్టర్లు, ఆస్పత్రి రికార్డ్స్ సెక్షన్, కాళోజీ హెల్త్ యూనివర్సిటీకి పీజీలు సమర్పించిన పాముకాటు థీసిస్‌లు చూడండి. చాలా థీసిస్‌లు ఇంటర్నెట్‌లో దొరకవు, లైబ్రరీ బీరువాలో ఉంటాయి. కేస్ షీట్లు తెరవాలంటే సూపరింటెండెంట్ అనుమతి, ఎథిక్స్ కమిటీ మాట ముందే తీసుకోండి. ఈ కాగితం మొదటి వారంలోనే కదలాలి.

శ్రీలంక ఆధారం మనకు వర్తిస్తుందా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పాముల రకాల్లో కొంత తేడా ఉంది. కానీ రియాక్షన్ వచ్చేది పాము వల్ల కాదు, ఏఎస్‌వీ వల్ల. శ్రీలంక దిగుమతి చేసుకునేది భారత్‌లో తయారైన పాలీవాలెంట్ ఏఎస్‌వీనే. కాబట్టి ఈ అభ్యంతరం వినడానికి ఉన్నంత బరువైనది కాదు. మన దగ్గర ఇచ్చేది ఎవిల్, ట్రయల్‌లో ఇచ్చింది ప్రోమెథజిన్ అన్న అభ్యంతరానికి మాత్రం బరువుంది, రాయండి.

అమలు సంగతి డెస్క్ దగ్గర తేలదు. ఇద్దరు ముగ్గురు పీహెచ్‌సీ డాక్టర్లతో, స్టాఫ్ నర్సులతో మాట్లాడండి. మిల్లీలీటరు ఆంప్యూల్ నుంచి పావు మిల్లీలీటరు తీయడానికి సన్న సిరంజి ఉందా? రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉన్నప్పుడు పొరపాటున మొత్తం ఎక్కించే ప్రమాదం ఎంత? కరెంటు పోయినప్పుడు ఎవరు టార్చ్ పట్టుకుంటారు? ట్రయల్స్‌లో కనిపించని హాని ఇలాంటి చోట్లే పుడుతుంది.

9. రాయడం (రెండు రోజులు)

కెనడాలో విధాన నిర్ణేతల కోసం 1:3:25 పద్ధతి ఒకటి వాడుకలోకి తెచ్చారు: ఒక పేజీ ముఖ్యాంశాలు, మూడు పేజీల సారాంశం, 25 పేజీల నివేదిక. జిల్లాకు మొదటి రెండూ చాలు, మిగతాది అనుబంధంగా పెట్టండి.

మొదటి పేజీలో మొదటి వాక్యమే జవాబు కావాలి. పక్కనే ఆ జవాబు మీద నమ్మకం ఎంతో గ్రేడ్ పద్ధతిలో చెప్పండి: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, చాలా తక్కువ. ట్రయల్స్ నాణ్యత, వాటి మధ్య పొంతన, మన పరిస్థితికి దగ్గరతనం, అంకెల్లో కచ్చితత్వం, ప్రచురణ కాకుండా దాగిపోయినవి ఉండే అవకాశం, ఈ ఐదింటిలో ఎక్కడ లోపముంటే అక్కడ ఒక మెట్టు దించండి, ఎందుకు దించారో ఒక్క వాక్యం రాయండి. నమ్మకం ఫలితాన్ని బట్టి మారుతుంది: రియాక్షన్లు తగ్గడం మీద ఒక స్థాయిలో ఉంటే, మెదడులో రక్తస్రావం లాంటి అరుదైన హాని మీద అంతకంటే తక్కువే ఉంటుంది, వెయ్యి మంది ట్రయల్ అరుదైనవాటిని పట్టలేదు. శాతాలకు బదులు "వందమందికి ఇంతమంది" అని రాస్తే అధికారికీ, ఆశా కార్యకర్తకూ ఒకేలా అర్థమవుతుంది.

సిఫారసు మీరు రాయాలా? ఆధారాన్ని మీరు చెప్పండి, ఎంచుకోదగ్గ మార్గాలు రెండు మూడు పెట్టండి. రాష్ట్ర చికిత్సా ప్రోటోకాల్‌తో ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ తేడా పడుతుందో స్పష్టంగా చూపండి. సంతకం అధికారిది.

ఈ దారి పట్టకూడని సందర్భాలు

కోట్ల ఖర్చుతో యంత్రాలు కొనడం, ఆరోగ్యశ్రీలో కొత్త ప్యాకేజీ చేర్చడం లాంటివి ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేనివి. ఖర్చుకు తగ్గ ప్రయోజనం తూచడానికి కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద హెచ్‌టీఏఇన్ వ్యవస్థ ఉంది, దాన్ని కదపాలి. అరుదైన హాని గురించే ప్రశ్న అయితే కూడా మూడు వారాల సమీక్ష తప్పుడు ధైర్యం ఇస్తుంది.

10. ఇచ్చేశాక

నివేదిక మీద వెతికిన చివరి తేదీ పెద్ద అక్షరాల్లో ఉండాలి. సెర్చ్ వాక్యాలు, వడపోత ఫైలు, అంకెల పట్టిక, తీసేసిన వ్యాసాల జాబితా, కారణాలతో సహా ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. వచ్చే ఏడాది ఇదే ప్రశ్న కరీంనగర్ నుంచో ఆదిలాబాద్ నుంచో వస్తే మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేదు, ఆ తేదీ నుంచి వెతికితే చాలు. పబ్‌మెడ్‌లో అదే సెర్చ్‌ను సేవ్ చేసి నెలకోసారి అలర్ట్ పెట్టండి. ఆ అలర్ట్ ఎవరో ఒక పీజీ సొంత మెయిల్‌కు కాకుండా విభాగం మెయిల్‌కు వచ్చేలా చూడండి, పీజీలు మూడేళ్లకు వెళ్లిపోతారు.